నీళ్ళు నిమ్మళించేదాకా

విరూపాక్షయ్యకు ఉన్నది ఒకటే పిచ్చి. లోకంలో ఏది కదిలినా సరే, అది కదలడం మొదలైన క్షణం నుంచి మళ్ళీ నిమ్మళించేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో ఆయనకు తెలియాలి. ఎంత ఎత్తు ఎగిరింది, ఎంత చప్పుడు చేసింది, ఎవరి నెత్తిన పడింది అన్నవి ఆయనకు అక్కరలేదు. మెడలో లింగకాయ పక్కనే నల్లదారానికి ఒక స్టాప్‌వాచీ వేలాడుతూ ఉంటుంది. ఆయన అసలు పేరు రేషన్ కార్డుకూ పోస్టుమన్‌కూ మాత్రమే తెలుసు. కన్నడ సీమలో, ఇనుప ఖనిజం తవ్వే కొండ కిందనున్న కొత్తూరులో మిగతా అందరికీ ఆయన సెకన్లయ్య.

పక్కింట్లో ఉండే రోహిణి, ఊరి అంగనవాడి టీచరు, ఆయన్ను మొదటిసారి చూసింది తన పెళ్ళిలోనే. తాళి కట్టేటప్పుడు మేళం జోరందుకుంది. అందరూ అక్షింతలు వేస్తుంటే ఒక పెద్దాయన అక్షింతలు జేబులో పోసుకొని చేత్తో వాచీ నొక్కి నిలబడ్డాడు. మేళం ఆగింది. చివరి డప్పు మీద తోలు వణకడం కూడా ఆగేదాకా చూసి, అప్పుడు అక్షింతలు వేశాడు. అప్పటికి పెళ్ళివాళ్ళు భోజనాలకు పోయారు.

ఈ పిచ్చిని ఆయనకు ఉద్యోగమే అంటించింది. ఒక డ్యాము పక్కన భూకంపాలు రాసే చిన్న స్టేషన్‌లో ముప్పై ఒక్క ఏండ్లు పని చేశాడు. పొద్దున ఎనిమిదికి డ్రమ్ముకు చుట్టిన కాగితం మార్చడం, రాత్రంతా సూది గీసిన గీత చూసి ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది రాసి పెట్టడం, ఇదే కొలువు. భూమి దగ్గర్లో కదిలితే సూది ఒక్క ఎగురు ఎగిరి కాగితం అంచుకు తగులుకుంటుంది. ఇక దాని ఎత్తు ఎవరికీ తెలియదు. కానీ ఎంతసేపటికి సద్దుమణిగిందో కాగితం మీద మిగిలే ఉంటుంది. ఆ సెకన్లు లెక్కపెట్టి పట్టికలో చూస్తే భూకంపం సైజు వస్తుంది. పది సెకన్లు ఆడితే ఒకటికి కొంచెం పైన, నూరు సెకన్లు ఆడితే మూడుకు కొంచెం పైన. పది రెట్లు ఎక్కువసేపు ఆడితే సైజు రెండు పెరుగుతుందన్నమాట. స్టేషన్ గోడ మీద ఉండిన ఆ పట్టిక రిటైరయ్యేనాటికి ఆయన నోటికి వచ్చేసింది.

ఎవరు అడిగినా, అడగకపోయినా, ఆయన చెప్పే మాట ఒకటే.

"ఎగరడానికేమప్పా, ఎవురైనా ఎగురుతారు. ఎంతసేపటికి నిమ్మళిస్తాదో చూడు. దాని సైజు ఆడ ఉండాది."

ఆ పట్టికతో ఆయన ఊరునంతా కొలిచి పారేశాడు. తుమ్ము రెండు సెకన్లు, అంటే సున్నాకు కింద, మైనస్‌లో. మోక ఊరికి పోయే బస్సు ఇంజను ఆపినాక కిటికీలు గడగడలాడటం మానేది ఆరు సెకన్లకు: సున్నా పాయింట్ ఏడు. ఎలక్షన్లప్పుడు ఒక లీడరు పక్కూరు తారానగర్‌లో మైకు పట్టుకొని గని ఊళ్ళన్నిటికీ నల్లా నీళ్ళు ఇస్తానని గంట పైన మాట్లాడాడు. విరూపాక్షయ్య ఆ ప్రసంగాన్ని కొలవలేదు. దాని తర్వాత చప్పట్లు కొలిచాడు. నాలుగు సెకన్లు. సున్నా పాయింట్ మూడు. "నీళ్ళు రావు" అని తేల్చేశాడు. రాలేదు కూడా.

ఇంట్లో మాత్రం పెద్ద సైజులే నమోదయ్యేవి. ఆయన భార్య రాజలక్ష్మి సంతలో చింతపండు తెమ్మంటే గ్రాఫు కాగితాలు తెచ్చిన రోజు ముప్పావు గంట తిట్టింది. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా ఆయన, "అయిపాయనా, ఇంగా ఉండాదా?" అని మర్యాదగా అడిగేవాడట. ఉండేది. చివరకు రాసుకున్నది ఆరు. ఇండ్లు కూలే సైజు.

స్టేషన్‌కు కంప్యూటర్లు వచ్చి పాత డ్రమ్ము మిషన్‌ను పాతసామాన్లలో పారేస్తే, దాన్ని ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు. జొన్నలు పోసుకునే గదిలో బండలు తీసేసి, గట్టినేల దాకా తవ్వి, దాని మీద కూర్చోబెట్టాడు. నాలుగేండ్లు ఇంట్లో రోలూ మిషనూ పక్కపక్కనే కాపురం చేశాయి. రెండేండ్ల కింద ఉన్నట్టుండి, దంచితే సూది అదురుతోందని పేచీ పెట్టాడు. రోలు ఎత్తుకుపోయి రోహిణి ఇంటి నడవలో దించారు. అప్పటి నుంచి మిరప్పొడి కానీ, చట్నీల పొడి కానీ, రాజలక్ష్మి రోజూ రోహిణి ఇంట్లోనే దంచుకుంటుంది.

"కట్టుకున్నదానికంటే ఆ ఇనుప పెట్టె ఎక్కువైపాయ ఈ మనిషికి," అని రోకటి పోటుకొక మాట చొప్పున దంచేది. రోహిణి ఒక్కతే ఉండే ఇల్లు అది. ఆ దంపుడుకు గోడకున్న సిద్ధేశ్ ఫోటో అదిరేది.

సిద్ధేశ్ ఖనిజం లారీ తోలేవాడు. గని నుంచి దిగే దారిలో లారీ బోల్తా పడి పోయాడు. ఆ దారికి కట్ట లేదు, మలుపుకు లైటు లేదు, మనిషికి పదహారు గంటలుగా నిద్ర లేదు. కాగితం మీద మాత్రం డ్రైవరు తప్పు అని రాశారు. ఇక్కడ కొండ తప్పు చేసిందని ఎవరూ రాయరు. కొండను తవ్వేవాడి తప్పని అసలే రాయరు.

ఆనాడు శవాన్ని వాకిట్లో దించగానే రోహిణి గొంతు పగిలిపోయింది. ఆ ఏడుపులోనే, గుంపు వెనకాల ఒక బొటనవేలు వాచీ నొక్కడం ఆమె కళ్ళబడింది. ఆ క్షణాన సెకన్లయ్యను చంపేయాలనిపించింది. అంగనవాడిలో వంట చేసే ఉచ్చెంగమ్మ కూడా అది చూసి చీపురు తీసుకుంది. మెట్ల మీద నుంచి వీధి దాకా తరిమింది. ఆయన వీధిలో నిలబడ్డాడు. పోలేదు.

పదకొండో రోజు దాటాక చుట్టాలు పోయారు. నెల దాటాక పలకరింపులు పోయాయి. సెకన్లయ్య మాత్రం పోలేదు. సాయంత్రం ఐదు కొట్టగానే వచ్చి రోహిణి ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. కొంచెంసేపు ఎర్రదుమ్ము పట్టిన వీధిని చూసేవాడు. తర్వాత అడిగేవాడు.

"ఉండాదా తల్లీ, ఇంగా?"

"ఉండాది పెద్దప్పా."

ఏదో రాసుకొని లేచి వెళ్ళేవాడు. ఎండైనా, వానైనా, జ్వరమైనా ఇంతే. మొదట్లో కోపంతో చెప్పేది, తర్వాత అలవాటుగా చెప్పేది. కొలతల పిచ్చోడికి తానొక కొత్త కొలత దొరికానని రోహిణి సరిపెట్టుకుంది.

కొత్తూరికి గడియారం కొండే. పొద్దున సరిగ్గా పదకొండుకు పైన సైరన్ కూస్తుంది. తర్వాత గనిలో మందు పేలుస్తారు. కిందనున్న ఊరంతా ఒక్కసారి ఎగిరి కూర్చుంటుంది. పెరుగు మీద ఎర్రటి పొర, ఆరేసిన బట్టల మీద ఎర్రటి పొర, పిల్లల ముక్కుల్లో ఎర్రటి చీమిడి. గోడలకు నెర్రెలు పడితే మట్టి మెత్తుకోవడమే. అంగనవాడిలో పద్నాలుగు మంది పిల్లలు. సైరన్ వినబడగానే ఇద్దరు రోహిణి ఒళ్ళో ఎక్కేవారు, మిగతా పన్నెండు మంది ఆమె చీర పట్టుకొని వేలాడేవారు. సగం మంది నిక్కర్లు తడిచేవి. రోహిణి కొండ మీది కంపెనీకి మూడుసార్లు అర్జీ పెట్టింది, పేల్చే టైము మార్చమని. సమాధానం రాలేదు.

ఒకనాడు పదకొండుకు పది నిమిషాలు ఉందనగా సెకన్లయ్య అంగనవాడి గడపలో ప్రత్యక్షమయ్యాడు. ఉచ్చెంగమ్మ చీపురు వైపు చూసింది. ఆయన అన్నం పళ్ళెంలో నీళ్ళు పోసి నట్టింట పెట్టి, పిల్లలందరినీ దాని చుట్టూ మఠం వేయించాడు. ఏడుపుల మధ్యనే చెప్పాడు, ఢాం అన్నప్పుడు ఎవరూ నన్ను చూడకండి, నీళ్ళను చూడండి, నీళ్ళు నిమ్మళించేదాకా నాతో లెక్కపెట్టండి అని. కొండ పేలింది. పళ్ళెంలో వలయాలు లేచాయి. వాచీ చూసుకుంటూ ఆయన "ఒకటి... రెండు..." అంటుంటే మొదటి రోజు ముగ్గురు లెక్కపెట్టారు. వారానికి పద్నాలుగు మందీ లెక్కపెట్టారు. నెలకు, సైరన్ కూస్తే ఎవరు ముందు పళ్ళెం తెస్తారని కొట్టుకోవడం మొదలుపెట్టారు.

"పిల్లోల్ల భయాన్ని గూడా లెక్కల్లోకి ఎక్కిచ్చుకున్నాడు సూడమ్మా ఈ మనిషి," అంది ఉచ్చెంగమ్మ. రోహిణికీ అలాగే అనిపించింది. అయినా నిక్కర్లు ఉతికే పని తప్పింది కాబట్టి ఇద్దరూ ఊరుకున్నారు.

శ్రావణంలో ఒక మంగళవారం జరిగింది అది. కొండ పేలింది, పిల్లలు పళ్ళెం చుట్టూ లెక్కపెడుతున్నారు. పదమూడు దగ్గర పైకప్పు నుంచి సిమెంటు పెచ్చు ఊడి భవిత నుదుటి మీద పడింది. నాలుగున్నరేండ్ల పిల్ల. రక్తం. రోహిణి కేక పెట్టింది. విరూపాక్షయ్య ఒక్క అంగలో పిల్లను ఎత్తుకొని పైపంచె నుదుటికి అదిమిపట్టాడు. పట్టుకొని, "పద్నాలుగు," అన్నాడు. "పదిహేను. అందరూ నీళ్ళనే చూడల్ల. పదహారు." పదమూడు మంది పిల్లలు కళ్ళు పెద్దవి చేసి, కూర్చున్న చోటు నుంచి కదలకుండా పదిహేడు దాకా చెప్పారు. నీళ్ళు నిలిచాయి.

"రక్తం కారతాంటే లెక్కేందయ్యా నీకు," అంది రోహిణి. ఆయన్ను నువ్వు అన్నది అదే మొదలు. ఆయన పిల్లను ఆటోలో ఎక్కించాడు. నాలుగు కుట్లు పడ్డాయి.

పది రోజులకు రోహిణికి నోటీసు వచ్చింది. ఆనాడు జిల్లాలో మూడు పాయింట్ ఒకటి సైజు భూకంపం వచ్చిందట. అది ప్రకృతి పని. ప్రకృతి పని జరుగుతుంటే పిల్లల్ని బయటికి తీసుకుపోకుండా లోపలే కూర్చోబెట్టి లెక్కలు చెప్పించింది టీచరు. ఎందుకు తీసేయకూడదో సోమవారం విచారణలో చెప్పుకోవాలి. దానికి గని కంపెనీ మేనేజరు సుదర్శన్ ఇచ్చిన ఉత్తరం జోడించారు: ఆ రోజు పదకొండుకు గనిలో పేలుడే జరగలేదు, ఎప్పుడు జరిగినా అది కింది ఊరికి తెలిసేటంతటిది కాదు.

రోహిణి నోటీసు మడిచి బియ్యం డబ్బాలో పెట్టింది. అప్పుడు డ్రైవరు తప్పు. ఇప్పుడు టీచరు తప్పు. ఒకే ఇంటికి రెండుసార్లు. ఈ కొలువు పోతే పొద్దున లేచి పోవడానికి ఆమెకు ఇంకో చోటు లేదు. ఆ సాయంత్రం అరుగు మీద సెకన్లయ్య ఎప్పటి ప్రశ్న అడగ్గానే నోటీసు తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"మూడు పాయింట్ ఒకటా?" అన్నాడు. భూకంపం ఇంటికొచ్చి ఆయన్ను బూతులు తిట్టినట్టుంది ఆ మొహం. "రానీ. సోమవారం నేను వస్తా."

ఆయన రావడమే రోహిణికి భయమైంది.

విచారణ అంగనవాడి ముందర షామియానా కింద. తాలూకా నుంచి హారతి అనే ఆఫీసరమ్మ వచ్చింది, ఇద్దరు గుమస్తాలు వచ్చారు. సుదర్శన్ తెల్లచొక్కా మీద దుమ్ము పడకుండా రుమాలుతో విసురుకుంటూ కూర్చున్నాడు. పిల్లలు, తల్లులు, ఉచ్చెంగమ్మ ఒక పక్క. సెకన్లయ్య సైకిలు మీద నలభై రెండు పొడుగు నోటుబుక్కులు వేసుకొచ్చి టేబులు మీద దించాడు. వాటి వెనకాల ఆఫీసరమ్మ కనిపించకుండా పోయింది.

సుదర్శన్ నవ్వుతూ ఒక పుస్తకం లాక్కున్నాడు. సాక్ష్యం కదా, అందరూ వినాలి అని గట్టిగా చదివాడు. రాజలక్ష్మి, చింతపండు విషయం, ముప్పావు గంట, సైజు ఆరు. ఉచ్చెంగమ్మ చీపురుతో తరమడం, ఎనిమిది సెకన్లు, సున్నా పాయింట్ తొమ్మిది. షామియానా అంతా నవ్వింది. గుమస్తాలు కళ్ళు తుడుచుకున్నారు.

"ఎనిమిదేనా? వీధి చివరి దాంక తరిమినా గదయ్యా," అని ఉచ్చెంగమ్మ నొచ్చుకుంది.

రోహిణి తల దించుకుంది. తన బతుకు ఇప్పుడు ఈ చింతపండు పుస్తకాల మీద ఆధారపడి ఉంది.

విరూపాక్షయ్య నవ్వు ఆగేదాకా ఓపిగ్గా నిలబడి, వాచీ చూసుకొని, తర్వాత డ్రమ్ము కాగితం పరిచాడు. మంగళవారం నాటిది. పదకొండు గంటల దగ్గర గీత ఎగిరి కాగితం అంచుకు తగులుకొని ఉంది. సుదర్శన్ వెంటనే పట్టుకున్నాడు. చూడండి మేడం, సూది కాగితం దాటిపోయింది, అంత పెద్ద భూకంపం అని వాళ్ళ కాగితమే చెబుతోంది అన్నాడు.

"ఎగిరింది చూస్తాండావు నాయనా నువ్వు," అన్నాడు విరూపాక్షయ్య. "ఆడింది చూడు. పంతొమ్మిది సెకన్లు. ఒకటి పాయింట్ ఏడు. మన నెత్తి మీదనే జరిగింది గాబట్టి అంత ఎగిరింది. నువ్వు చెప్పే మూడు పాయింట్ ఒకటి గూడా వచ్చినాది. లేదనను. ఇదో, సాయంత్రం నాలుగుకు. ఎత్తు ఈ గోరంత. పొడుగు తొంభై ఎనిమిది సెకన్లు. యాడనో దూరంలో. అప్పటికి పిల్లోల్లు ఇండ్లకు పోయి బొరుగులు తింటాండారు."

హారతి ముందుకు వంగి రెండు గీతలనూ చూసింది. ఒకటి ఎత్తుగా, కురచగా. ఇంకోటి పొట్టిగా, పొడుగ్గా. కంపెనీ ఇచ్చిన భూకంపం కాగితంలో టైము ఉండాల్సిన చోట కత్తిరించి ఉంది. అడిగితే, అది పొరపాటున జరిగి ఉంటుందన్నాడు సుదర్శన్. పాతసామాన్లలో కొన్న మిషను గడియారాన్ని గవర్నమెంటు నమ్ముతుందా అని ఎదురు అడిగాడు. భార్య తిట్లు కొలిచే మనిషి చెప్పే సెకన్లను ఎవరైనా పట్టించుకుంటారా అని కూడా అడిగాడు.

విరూపాక్షయ్య చుట్టూ చూసి, నెమ్మదిగా బెంచీ మీద కూర్చున్నాడు. హారతి పెన్ను మూత తీసింది. కప్పు పగిలిన ఆ గదిలో ఉండటం రోహిణి కోరుకున్నది కాదని, పేల్చే టైము మార్చమని ఆమె మూడు అర్జీలు పెట్టిందని ఎవరో తల్లి అంటోంది. ఎవరూ రాసుకోవడం లేదు.

అప్పుడు సైరన్ కూసింది.

ఈ పూటకు ఆపమని సుదర్శన్ పైకి చెప్పే ఉంటాడు. విన్నవాడు పైన ఉన్నట్టు లేదు. హారతికి ఆ కూత ఏమిటో అర్థమయ్యేలోపే పద్నాలుగు మంది పిల్లలు కదిలారు. ఒకడు పళ్ళెం తెచ్చాడు, ఒకతె చెంబుతో నీళ్ళు పోసింది, అందరూ షామియానా కిందే మఠం వేశారు. నుదుటికి కట్టుతో భవిత మధ్యలో కూర్చుంది.

కొండ పేలింది. టేబులు ఎగిరింది. నలభై రెండు పుస్తకాలూ దొర్లాయి. గుమస్తాలు కుర్చీలు తన్నేసి రోడ్డు మీదికి ఉరికారు. సుదర్శన్ వాళ్ళకంటే ముందున్నాడు. హారతి రెండు చేతులా షామియానా గుంజ పట్టుకుంది. పిల్లలు మాత్రం నీళ్ళలో వలయాలు చూస్తూ, రాగం తీస్తూ లెక్కపెడుతున్నారు. "...పద్నాలుగూ, పదిహేనూ, పదహారూ." ఆపేశారు. నీళ్ళు నిలిచాయి.

విరూపాక్షయ్య వాచీ ఇంకా ఆడుతూనే ఉంది. రోడ్డు మీది పెద్దమనుషులు ఒక్కొక్కరే తిరిగి వచ్చి కుర్చీలు నిలబెట్టుకొని కూర్చున్నాకే నొక్కాడు. నలభై ఒక్క సెకన్లు, రెండు పాయింట్ నాలుగు అని పుస్తకంలో రాశాడు.

హారతి గుంజ వదిలి పిల్లల దగ్గరికి వచ్చి గొంతుకూర్చుంది. భవిత కట్టు చూసి అడిగింది, నీకు దెబ్బ తగిలిన రోజు ఎంత దాకా లెక్కపెట్టారమ్మా అని.

"పదిహేడు," అన్నారు పద్నాలుగు మందీ ఒక్కసారిగా. అందులో అనుమానమేమీ లేదు. అది వాళ్ళకు పాట.

"ఇరవై దాటిన రోజు ఉందా?"

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఇరవై తర్వాత ఎంతో చెప్పండి మరి."

ఎవరికీ తెలియదు. భవిత పళ్ళెంలోకి తొంగి చూసింది.

"ఇరవై అయినాంక నీళ్ళు ఊరికే ఉంటాయి," అంది.

హారతి లేచి, టేబులు దగ్గరికి పోకుండా అక్కడే నిలబడి కొండ వైపు చూసింది. మూడు పాయింట్ ఒకటి అయితే నూరు దాకా నేర్చుకునేవారు వీళ్ళు అని కన్నడంలో తనలో తాను అనుకున్నట్టు అంది. సుదర్శన్ రుమాలు కోసం జేబులు వెతుక్కుంటున్నాడు.

గొప్ప న్యాయమేమీ జరిగిపోలేదు. పగుళ్ళకు కారణం పరిశీలనలో ఉందని రాశారు. అది ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది. కానీ రోహిణి మీది నోటీసు అక్కడే కొట్టేశారు. అంగనవాడిని భజన మందిరానికి మార్చమన్నారు. పిల్లలు ఇంటికి పోయినాక, మూడున్నర తర్వాతే పేల్చాలని కొండకు ఉత్తర్వు వెళ్ళింది. వినేవాడు పైన ఉన్నాడా లేదా అన్నది చూడాలి.

పోయే ముందు హారతి ఒక్కటి అడిగింది, రక్తం కారుతుంటే లెక్క ఎందుకు ఆపలేదని. విరూపాక్షయ్య గడప పైన చూపించాడు. అక్కడ కప్పుకు పెచ్చు ఇంకోటి, నాలుగింతలు పెద్దది, ఆనాడే సగం ఊడింది, వేలాడుతోంది.

"నేను ఆపింటే పిల్లోల్లు వాకిలికి ఉరికేవాల్లమ్మా," అన్నాడు.

రోహిణి ఆ పెచ్చు వైపు చూడలేకపోయింది.

దొర్లిన పుస్తకాలు సర్దుతుంటే ఒకటి ఆమె చేతిలో తెరుచుకుంది. పైన తన పేరు. మొదలు: సిద్ధేశ్‌ను వాకిట్లో దించిన తేదీ, గంట, నిమిషం. ముగింపు: ఖాళీ. దాని కింద పేజీల తరబడి, రోజుకొక వరుస. ఉండాది. ఉండాది. ఉండాది. పక్కన చీమల్లాంటి అక్షరాలు. ఈ పొద్దు రెండు ముద్దలు తినింది. ఈ పొద్దు తల దువ్వుకునింది. ఈ పొద్దు ఉచ్చెంగమ్మ మీద కోప్పడింది, మంచిదే. ఒక వరుస దగ్గర ఆమె కళ్ళు ఆగాయి. "ఇంట్లో సద్దు లేదంట, నిద్ర రాదంట. రేపు రోలు పంపల్ల. మిషన్‌కు అదురు అని చెప్పల్ల. రాజలక్ష్మి ఒప్పుకునింది, కానీ రోజూ నన్నే తిట్టుకుంటా దంచుతాదంట. సరే అన్నా."

రోహిణి పుస్తకం మూసి మిగతావాటి కింద పెట్టేసింది. చూడనట్టే.

సాయంత్రం ఐదుకు అరుగు మీద అదే మనిషి, అదే ఎర్ర వీధి. లోపల రాజలక్ష్మి దంచుతోంది.

"ఉండాదా తల్లీ, ఇంగా?"

"ఉండాది," అంది రోహిణి. తర్వాత అడిగింది, "ఇప్పటికి సైజు ఎంతాయ పెద్దప్పా?"

ఈ ప్రశ్న ఆయన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఆయన సంబరం దాచుకోలేక వేళ్ళు మడిచాడు. రెండేండ్లా ఒక నెల, రోజులు, గంటలు, సెకన్లు. పెదవులు కదిలాయి. మొహం మెల్లగా పాలిపోయింది.

"పద్నాలుగు పాయింట్ ఎనిమిది," అన్నాడు.

"అది పెద్దదా?"

"లోకంలో ఇంతవరకు వచ్చిన దాంట్లో పెద్దదే తొమ్మిదిన్నర తల్లీ."

"అట్లయితే మన కొత్తూరు యాడుంటాది?"

"కొత్తూరేంది, చందమామకు గూడా నెర్రె పడల్ల." ఆయన నిజంగానే ఆందోళనగా ఆకాశం వైపు చూశాడు, సరిచూసుకోవడానికన్నట్టు.

ఎక్కడ మొదలైందో రోహిణికి తెలియలేదు. ముందు భుజాలు, తర్వాత నోరు. అరుగు గోడకు ఆనుకొని, కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. లోపల రోకలి ఆగింది. విరూపాక్షయ్య బొటనవేలు దాని పని అది చేసేసింది. ఆమె పూర్తిగా నిమ్మళించేదాకా ఆగి, వాచీ కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

"పదకొండు సెకన్లు. ఒకటి పాయింట్ రెండు," అన్నాడు. "సైజు చిన్నదే. అయితే చానా దగ్గర్లో వచ్చినాది."

పుస్తకంలో దానికి కొత్త వరుస వేశాడు. ముగింపు దగ్గరి ఖాళీని ముట్టుకోలేదు. లేచి, చెప్పులేసుకొని, వీధి వైపే చూస్తూ అన్నాడు.

"మిషన్‌కు ఇప్పుడు పర్వాలేదు తల్లీ. రోలు మా ఇంటికి తీసుకపోమంటావా?"

రోహిణి కొంచెంసేపు ఆలోచించినట్టు మొహం పెట్టింది.

"వద్దులే పెద్దప్పా. సూది అదురుతాదేమో. ఈడే ఉండనీ."

లోపల రాజలక్ష్మి మళ్ళీ మొదలుపెట్టింది, రోకటి పోటుకొక మాట చొప్పున.